తెల్లబంతి పడినంత మాత్రాన

నా పదవీ విరమణకు ముందటి సంవత్సరం జూలైలో, మూడో ఆదివారం, మా క్లబ్బు వార్షిక ఎయిట్ బాల్ పూల్ పోటీ ఫైనల్‌కు నన్ను రెఫరీగా నియమించారు. నియామకం కార్యదర్శి సంతకంతో మూడు వాక్యాల్లో వచ్చింది. మూడో వాక్యం ఇది: "రెఫరీ నిర్ణయమే తుది నిర్ణయం." దాన్ని ఆనాటి డైరీలో ఉన్నదున్నట్టు రాసుకున్నాను. రాసి ఇచ్చినవారే సాయంత్రానికి దాన్ని మరిచిపోతారని అప్పటికి నాకు తెలియదు.

సికింద్రాబాద్‌లోని ఆ క్లబ్బులో నేను క్రీడల సూపరింటెండెంటును. పేరు పెద్దది, హోదా చిన్నది. పైన సభ్యులు ఎన్నుకున్న కమిటీ ఉంటుంది. దాని తరఫున రోజువారీ అధికారం కార్యదర్శిది. ఆయన కింద జీతానికి పనిచేసేవాళ్లలో నేనొకణ్ణి. టెన్నిస్ కోర్టులకు నీళ్లు పట్టించడం మొదలు పోటీల డ్రా తీయడం దాకా నా బాధ్యతే. స్నూకర్, పూల్ ఆటలకు రెఫరీ పరీక్ష ప్యాసయ్యాను కాబట్టి ఆ బల్లల దగ్గర తీర్పు చెప్పే అర్హత కూడా నాకు ఉండేది.

మా క్లబ్బులో స్నూకర్ బల్లలు తాతల కాలం నాటివి. పూల్ బల్లలు వచ్చి అప్పటికి మూడేళ్లు. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి.

పూల్ తెలియనివారి కోసం నాలుగు మాటలు. బల్ల మీద పదిహేను రంగు బంతులుంటాయి. ఒకటి నుంచి ఏడు వరకు నిండు రంగువి, తొమ్మిది నుంచి పదిహేను వరకు చారలవి, మధ్యలో ఎనిమిదో నంబరు నల్లది. ఒకరు నిండు బంతులు, ఇంకొకరు చారల బంతులు. తెల్లబంతిని క్యూ కర్రతో కొట్టి తమ ఏడింటినీ పాకెట్లలో వేశాక, చివరకు నల్లబంతిని ముందే చెప్పిన పాకెట్‌లో వేసినవారు గెలుస్తారు. తెల్లబంతి పాకెట్‌లో పడితే ఫౌల్. అప్పుడు ప్రత్యర్థి దాన్ని చేత్తో తీసుకుని బల్ల మీద తనకు నచ్చిన చోట పెట్టుకుని ఆడవచ్చు.

మా సభ్యులకు మింగుడుపడనిది ఈ చివరి నియమమే. స్నూకర్‌లో అయితే పడిన తెల్లబంతిని బల్లకు ఒక చివర ఉన్న గీతల లోపలే పెట్టి ఆడాలి. పూల్ బల్ల మీద అలాంటి గీతలు ఉండవు. మా పెద్దలు ఊరుకోలేదు. దర్జీలు వాడే సుద్దముక్క తెచ్చి కొత్త బల్లల మీద తామే గీశారు. నేను సోమవారం బ్రష్ పట్టి చెరిపించేవాణ్ణి, బుధవారానికి మళ్లీ కనిపించేవి. ఇంకో నియమం ఎక్కడినుంచి వచ్చిందో కూడా ఎవరూ చెప్పలేరు: నల్లబంతిని కొడుతున్నప్పుడు తెల్లబంతి పాకెట్‌లో పడితే చాలు, ఆట పోయినట్టేనట. అసలు నియమం అది కాదు. ఒకే దెబ్బకు నల్లదీ తెల్లదీ రెండూ పడితే ఆట పోతుంది. తెల్లది మాత్రమే పడితే అది మామూలు ఫౌల్, ఆట సాగుతుంది. అసలు నియమాలన్నీ టైపు చేయించి గోడకు అద్దాల చట్రంలో తగిలించాను. రెండో వారానికి దాని మీద తంబోలా అనే నంబర్ల ఆట ప్రకటన అంటించారు.

ఫైనల్‌కు వచ్చినవారు ఇద్దరు. ఒకరు నర్సింగ్‌రావు గారు. పాత బజారులో బట్టల దుకాణం ఉంది, క్లబ్బులో ఇరవై ఏళ్ల సభ్యత్వం, చేయి మంచిది. రెండోవారు కరుణ. మౌలాలి నుంచి వస్తుంది. ఒక బడిలో వ్యాయామ ఉపాధ్యాయిని, క్లబ్బులో అనుబంధ సభ్యురాలు. అంటే ఆడవచ్చు, ఓటు ఉండదు. సాయంత్రం బడి వదిలాక ఎమ్ఎమ్‌టీఎస్ రైలు ఎక్కి వచ్చి, ఏడింటిదాకా ఒక్కతే సాధన చేసుకుని వెళ్లేది. మొదట్లో పేకాట గది నుంచి "ఆడోళ్లకు తంబోలా ఉంది కద టీచరమ్మా" అని పిలుపులు వచ్చేవి. ఆమె నవ్వేసి క్యూకు సుద్ద రాసుకునేది.

ఫైనల్ గెలిచినవారికి కప్పు ఒక్కటే కాదు. రాష్ట్ర స్థాయి ఎంపిక పోటీలకు క్లబ్బు తరఫున ఒకే ఒక్కరి పేరు వెళుతుంది. ఆ పేరు విజేతది కావాలని క్లబ్బు నిబంధనల్లోనే ఉంది. కరుణకు కావలసింది అదే. కప్పు పెట్టుకునేందుకు ఇంట్లో చోటు కూడా లేదని ఆమె ఒకసారి నాతో అన్నది.

ఆట మొదలయ్యే ముందు నియమాలను పైకి చదివాను. నల్లబంతి నియమాన్ని రెండుసార్లు చదివాను, అపోహ ఉన్నది అక్కడే కాబట్టి. కరుణ తల ఊపింది. నర్సింగ్‌రావు గారు మణికట్టు తిప్పుకుంటూ, "మాలూమే సార్, షురూ చేయండి, నమాజ్ చదివినట్టు చదువుతున్నరు" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. కార్యదర్శి సుధాకర్ గారు మొదటి వరుసలోనే కూర్చుని ఉన్నారు. ఆయన కూడా నవ్వారు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ముందుగా ఐదు ఆటలు గెలిచినవారిది కప్పు. నాలుగు, నాలుగు దగ్గర సమమైంది. చివరి ఆటలో కరుణ తన నిండు బంతులన్నీ వేసేసింది. నల్లబంతి ఒక్కటే మిగిలింది. నర్సింగ్‌రావు గారికి పది, పదమూడు నంబర్ల బంతులు రెండు మిగిలి ఉన్నాయి. కరుణ కుడి మూల పాకెట్ చెప్పి నల్లబంతిని కొట్టింది. దెబ్బ కొంచెం గట్టిగా తగిలింది. నల్లబంతి పాకెట్ అంచులకు అటూ ఇటూ తగిలి బయటే నిలిచింది. తెల్లబంతి మాత్రం తిరిగి వచ్చి మధ్య పాకెట్‌లో పడింది.

"ఫౌల్" అన్నాను.

నా మాట పూర్తికాకముందే చప్పట్లు మొదలయ్యాయి. "ఖేల్ ఖతం!" అంటూ నర్సింగ్‌రావు గారు ముందుకు వంగి బల్ల మీద ఉన్న మూడు బంతులనూ అరచేత్తో ఒక మూలకు తోసేశారు. వెనక ఎవరో, "టీచరమ్మా, మంచిగనే ఆడినవు, ఇగ చాయ్ తాగు" అన్నారు.

ఆట ముగియలేదని ప్రకటించాను. ఫౌల్ మాత్రమే అయింది, తర్వాతి దెబ్బ నర్సింగ్‌రావు గారిదని చెప్పాను. ఆట నడుస్తుండగా బంతులను చేత్తో చెదరగొట్టడం క్రీడాధర్మానికి విరుద్ధం. కావాలనే చేశాడని రెఫరీ భావిస్తే ఆ ఆటను ప్రత్యర్థికి ఇచ్చేయవచ్చు. ఆ పని నేను చేయలేదు. ఆయన నిజంగానే గెలిచాననుకున్నారని నాకు తెలుసు. అలాంటప్పుడు రెఫరీ బంతులను తనకు గుర్తున్నంతలో పాత చోట్లలో తిరిగి పెట్టాలి. పెట్టి, సరిగ్గా ఉన్నాయా అని ఇద్దరినీ అడిగాను.

కరుణ వంగి చూసి, "సార్, పదమూడు అంత దూరం లేదండీ. పాకెట్ మూతి దగ్గరే ఉండింది" అన్నది. పదమూడు నర్సింగ్‌రావు గారి బంతి. పాకెట్‌కు దగ్గరైతే లాభం ఆయనకే. ఆమె చెప్పిన చోటికే జరిపాను.

అప్పటికి కార్యదర్శి, చూసేవాళ్లను ఆపడానికి బల్ల చుట్టూ కట్టిన తాడు దాటి లోపలికి వచ్చారు.

"ఏంది సార్ ఇది? ముప్పై ఏండ్ల సంది క్లబ్బుల నడుస్తున్న రూల్‌ను మీరొచ్చి మారుస్తరా?"

బల్లలు వచ్చి మూడేళ్లేనని మనవి చేశాను. ఆయన ముఖం ఎర్రబడింది. ఆట జరుగుతుండగా తాడు లోపల రెఫరీ, ఆటగాళ్లు తప్ప మరొకరు ఉండకూడదని కూడా మనవి చేశాను. వెనక్కి వెళ్లి కూర్చున్నారు.

తెల్లబంతిని నర్సింగ్‌రావు గారి చేతికిచ్చి, బల్ల మీద ఎక్కడైనా పెట్టుకోవచ్చని స్పష్టంగా చెప్పాను. ఆ ఆటను తేలిగ్గా ముగించగల అవకాశం అది. పది నంబరు బంతి బల్ల దూరపు అంచు పక్కన ఉంది. తెల్లబంతిని దాని దగ్గర పెట్టుకుని ముందు దాన్ని వేసి, తర్వాత పాకెట్ మూతిలో ఉన్న పదమూడు, ఆపైన నల్లది. ఆయన స్థాయి ఆటగాడికి అది లెక్కలోది కాదు.

"నాకు ఖైరాత్ ఏం వద్దు" అని, భిక్షను తోసేసినట్టు ఆయన బంతిని తీసుకెళ్లి బల్ల చివర, చెరిపినా ఇంకా మసకగా కనిపిస్తున్న సుద్దగీతల లోపల పెట్టారు. వెనక నుంచి "షాబాష్ నర్సన్నా" అన్నారు. అక్కడినుంచి పదమూడును వేయగలిగారు గానీ అంత దూరపు దెబ్బకు తెల్లబంతి ఆయన అదుపులో ఉండలేదు. ఎటో వెళ్లి ఆగింది. పదిని కొట్టబోయి తప్పారు. కరుణ లేచి, కుడి మూల పాకెట్ అని మళ్లీ చెప్పి, నల్లబంతిని వేసింది. ఐదు, నాలుగు. విజేత కరుణ అని ప్రకటించాను. నర్సింగ్‌రావు గారు ఆమెతో చేయి కలిపారు. అది నా కళ్లారా చూశాను.

ఆ సాయంత్రమే పేకాట గదిలో కమిటీ కూర్చుంది. నన్ను పిలిచి, నిలబెట్టి, తీర్మానం చదివి వినిపించారు. క్లబ్బు సంప్రదాయం ప్రకారం తెల్లబంతి పడిన క్షణానే చివరి ఆట ముగిసింది, ఆ తర్వాత జరిగినది ఆటగా పరిగణించబడదు, విజేత నర్సింగ్‌రావు, ఎంపిక పోటీలకు ఆయన పేరే వెళుతుంది. కింద రెఫరీ సంతకానికి చోటు వదిలారు.

ఆ గదిలో నేను ఒక్క ప్రశ్నే అడిగాను. నర్సింగ్‌రావు గారు ఆ తర్వాత పదమూడు, పది, నల్లది వరసగా వేసి గెలిచి ఉంటే, ఆ దెబ్బలను కూడా ఆటగా పరిగణించకుండా ఉండేవారా? సుధాకర్ గారు తీర్మానం కాగితాన్ని నా వైపు తోసి, "మీ డ్యూటీ బంతులు పేర్చుడు, నంబర్లు చెప్పుడు. క్లబ్బును నడిపిచ్చుడు కాదు" అన్నారు. రెఫరీ నిర్ణయమే తుది అని రాసి సంతకం పెట్టింది ఆయన చెయ్యే. నేను సంతకం చేయలేదు. చేయనందుకు ఆ ఏడాది జీతం పెంపు ఆగింది. దాని గురించి నాకు ఫిర్యాదు లేదు. నా కోపం వేరే. తెలియక తప్పు చేసేవాళ్లను చాలామందిని చూశాను, చదివి వినిపిస్తే దిద్దుకుంటారు. వీళ్లు విన్నారు, నవ్వారు, ఆడించారు, ఫలితం నచ్చకపోయేసరికి ఆటే జరగలేదన్నారు.

సోమవారం కరుణ తన క్యూ తీసుకువెళ్లడానికి వచ్చింది. కబురు ఫోన్లో తెలిసిందట. కప్పు గురించి అడగలేదు.

"ఓడిపోయావంటే ఒప్పుకునేదాన్ని సార్. ఆడనేలేదని ఎట్లా అంటారు? ఆయన నాతో చేయి కలిపారు కదండీ."

కమిటీకి అర్జీ పెట్టమన్నాను. పెట్టింది. పరిశీలనలో ఉందని జవాబు వచ్చింది. ఎంపిక పోటీలు అయిపోయేదాకా పరిశీలనలోనే ఉంది.

ఆ ఎంపిక పోటీలు నగరంలోనే జరిగాయి. నన్నూ రెఫరీల్లో ఒకరిగా పిలిచారు. రెండో రోజు నా బల్ల ఖాళీ అయినప్పుడు పక్క బల్ల మీద నర్సింగ్‌రావు గారు ఆడుతున్నారు. ఆయన చారల బంతులన్నీ అయిపోయాయి, నల్లబంతి మిగిలింది. కొట్టారు. నల్లది పడలేదు. తెల్లది పడింది. అక్కడి రెఫరీ "ఫౌల్" అని మాత్రం అన్నాడు.

ఆయన ఓడిపోయానని అనలేదు. ప్రత్యర్థి చేయి పట్టుకోలేదు. క్యూ నిలువుగా పట్టుకుని నింపాదిగా కుర్చీలో కూర్చున్నారు. ప్రత్యర్థి తన వంతులో తప్పాడు. ఈయన లేచి నల్లబంతిని వేసి గెలిచారు. తర్వాతి ఆటలో అవతలివాడు ఫౌల్ చేస్తే తెల్లబంతిని తీసుకుని, ఏ గీత కోసమూ వెతక్కుండా, తన బంతికి జానెడు దూరంలో పెట్టుకున్నారు. ఖైరాత్ అన్న మాట ఆ రోజు వినపడలేదు.

టీ దగ్గర ఎదురుపడితే అడిగాను. ఆయనకు ఇబ్బందిగా కూడా అనిపించలేదు.

"ఈడ రూల్ అదే కద సార్. మన క్లబ్బు సంగతి వేరే" అన్నారు.

కరుణ మరుసటి ఏడాది మా పోటీకి పేరివ్వలేదు. కాప్రాలో ఒక పూల్ పార్లర్‌లో ఆడుతోందని తర్వాత విన్నాను. కప్పు మీద ఆ ఏటి విజేతగా చెక్కిన పేరు ఇప్పటికీ నర్సింగ్‌రావు గారిదే.

ఆ ఉదంతం తర్వాత నా పద్ధతిలో ఒక మార్పు చేసుకున్నాను. ఇప్పుడు కొత్త రెఫరీలకు శిక్షణ ఇచ్చేటప్పుడు దాన్నే మొదట చెబుతాను. ఆటకు ముందు నియమాలను రెఫరీ చదివితే చాలదు. నల్లబంతి నియమాన్ని ఇద్దరు ఆటగాళ్లూ తమ నోటితో తిరిగి చెప్పాలి. ముందు వరుసలో కార్యదర్శి ఉంటే ఆయన చేత కూడా చెప్పించాలి. చెప్పనంటే బంతులు పేర్చకూడదు. నియమం తెలియనివాడి వల్ల ఆటకు వచ్చే నష్టం తక్కువ. నియమం తెలిసి, అది ఎక్కడ వర్తించాలో, ఎవరికి వర్తించకూడదో ఆట అయ్యాక నిర్ణయించేవాడి వల్లే ఎక్కువ.