పెరుగు గిన్నె పక్కన చేపల మందు

ఏడో తరగతిలో లెక్కలకి నాకు వచ్చినవి పదకొండు మార్కులు. ఆ ఏడే బడి మానేశాను. ఇన్నేళ్ళకి ఏలూరులో డాక్టరమ్మ నా వీర్యపరీక్ష రిపోర్టు చదువుతుంటే మళ్ళీ లెక్కల మాస్టారి ముందు నిలబడ్డట్టే అనిపించింది.

"కణాలు చాలా తక్కువండీ. ఉన్నవాటిలోనూ కదలిక లేదు" అంది ఆవిడ.

"బడిలో నేనూ అంతేనండీ. వెనక బెంచీ మీద నుంచి కదిలేవాణ్ణి కాదు. నా పోలికలే వచ్చాయి" అన్నాను.

డాక్టరమ్మ నవ్వింది. మా ఆవిడ నవ్వలేదు.

ఆ రిపోర్టు రెండేళ్ళు బీరువాలో చీరల కింద ఉంది. లోపం కోడలిదే అని మా అమ్మ అనుకుంటూ వచ్చింది. నేను కాదనలేదు. ఊళ్ళో సీమంతాలకి అమ్మ ఒక్కతే వెళ్ళేది. "నువ్వెందుకులే అమ్మాయ్, అక్కడ నలుగురూ నాలుగు మాటలంటారు" అని మా ఆవిణ్ణి ఇంట్లోనే ఉంచేసేది. ఆ మాట వింటూనే నేను చెప్పులేసుకుని పనికి పోయేవాణ్ణి.

నా పని మండవల్లి దగ్గర చేపపిల్లల హేచరీలో. తల్లి చేపకి ఇంజెక్షన్ చేసి తొట్టిలో వదిలితే తెల్లారేసరికి గుడ్లు పెడుతుంది. కొల్లేరు చుట్టుపక్కల చెరువులకి పిల్లలు వెళ్ళేది మా దగ్గర్నుంచే. ఇన్ని లక్షల పురుళ్ళు పోసినవాడి ఇంట్లో ఒక్క పిల్ల లేకపోవడం మీద నేను వెయ్యని జోకు లేదు. ఎదుటివాడు వెయ్యకముందే నేనే వేసేసేవాణ్ణి.

చివరికి మా ఆవిడే అంది, "ఏవండీ, ఆ సూది వైద్యమేదో ఒక్కసారి చేయించుకుందామండీ" అని. ఆమె అండాలు తీసి, నా కణాల్లో కాస్త బాగున్నదాన్ని సన్నటి సూదితో పట్టి, ఒక్కో అండంలోకి ఒక్కోటి ఎక్కిస్తారు. పిండం కట్టాక గర్భంలో పెడతారు. దానికి ముందు పది రోజులు రోజూ సాయంత్రం ఆమె పొట్ట మీద ఇంజెక్షన్. నర్సు నేర్పబోతే, "నాకు చేతనవునండీ, నా పనే అది" అన్నాను.

తల్లి చేప కళ్ళ మీద తడిగుడ్డ కప్పితే కొట్టుకోకుండా ఉంటుంది. మొదటిరోజు మా ఆవిడ కళ్ళ మీద తువ్వాలు కప్పాను. "నేనేమైనా బొచ్చె చేపనాండీ?" అని పడీపడీ నవ్వింది. నాలుగోరోజు నుంచి తువ్వాలు తనే కప్పుకుంది. నవ్వడం మాత్రం మానేసింది.

ఆ మందు చల్లగా ఉండాలి. ఫ్రిజ్ తలుపు తీసిన అమ్మ అడగనే అడిగింది.

"ఇదేంట్రా, పెరుగు గిన్నె పక్కన?"

"చేపల మందమ్మా" అన్నాను. తడుముకోలేదు కూడా.

ఏడో రోజు శనివారం. శనివారం అమ్మ నీచు ముట్టదు, ముట్టుకున్నదాని పక్కన ఉన్నదీ తినదు. పొద్దున్నే ఫ్రిజ్ కడిగి, చేపల మందుని పెరట్లో వలలు ఆరేసే గోడ మీద పెట్టింది. సాయంత్రం నేను వచ్చేసరికి ఆ డబ్బా టీ గ్లాసులా కాలుతోంది. నర్సుకి ఫోన్ చేస్తే, "అది ఇంక పనికిరాదండీ, వేరేది తీసుకోండి" అంది. ఏలూరు వెళ్ళి తెచ్చేసరికి ఆదివారం మధ్యాహ్నమైంది. ఒక పూట తప్పింది. మా ఆవిడ తువ్వాలు కప్పుకుని పడుకుంది.

అయిదు అండాలు వచ్చాయి. రెండు పిండాలు కట్టాయి. రెండూ పెట్టారు. పధ్నాలుగు రోజులు ఆమె మెట్టు దిగితే నాకు గుండె దిగేది. పదిహేనో రోజు రక్తపరీక్షలో ఏమీ లేదు.

"ఆ ఒక్క పూట వల్ల కాదండీ. మొదటిసారే అందరికీ నిలవదు" అంది డాక్టరమ్మ. ఆవిడ అబద్ధం చెప్పదు. అయినా నాకా గోడే కనిపించింది.

బస్సులో తిరిగొస్తుంటే దారికి రెండువైపులా చెరువులే. వాటిలో మా పిల్లలు ఎగిరెగిరి పడుతున్నాయి. మా ఆవిడ కిటికీ వైపు చూడలేదు. నా భుజం మీది తువ్వాలు తీసుకుని కళ్ళ మీద వేసుకుంది.

ఇంటికొచ్చాక ఆమె లోపలికి వెళ్ళి పడుకుంది. అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. ఎదురుగా కూర్చుని చెప్పేశాను.

"అమ్మా, ఆ మందు చేపలకి కాదు, నీ కోడలికి. లోపం మాత్రం తనది కాదు, నాది. రెండేళ్ళ కిందటే రిపోర్టు వచ్చింది. కొల్లేరు పక్కన పుట్టిన నీ కొడుకు సరుకుకి ఈత రాదంట."

నవ్వుతుందనుకున్నాను. అమ్మ చేట కింద పెట్టి, మా ఆవిడ పడుకున్న గది వైపు చూసింది.

"మందుని నేను తెలీక ఎండలో పెట్టాన్రా" అంది. "ఆ పిల్లని నువ్వు తెలిసే పెట్టావు, రెండేళ్ళు."