రేడియేటర్లో రొయ్య పిల్లలు

రండి, కూర్చోండి. టీ పొయ్యి మీదే ఉంది. వాకిట్లో కారు పక్కనుంచే కదా వచ్చినారు, ముక్కు మూసుకున్నారా లేదా? నిజం చెప్పండి! నాలుగు డోర్లూ తీసిపెట్టి, సాంబ్రాణి పొగేసి, సర్ఫుతో కడిగినా ఆ వాసన పోవడంలా. అదెట్టా వచ్చిందో చెప్తా, నవ్వకుండా వినాల. నూరి వచ్చినప్పుడు మాత్రం అసలు నవ్వగాకండి. దానికి నా మీద కోపం ఇంకా పోలా, వాసన పోయేదాకా కారు నా వాకిట్లోనే ఉండాలంట.

నూరి అంటే నూర్జహాన్, తెలుసుగా! ఒకటో క్లాసు నుంచి నా పక్కన కూర్చున్నదే. ఇప్పుడూ అంతే, నా టైలరింగ్ షాపు పక్కనే దాని గాజుల కొట్టు. ఆ కారు వాళ్ళ నాయనది. మస్తాన్ సాయిబు గారు కావలి స్టేషన్ దగ్గర టాక్సీ తోలేవాడు. ఆయన పోయినాక అది షెడ్డులో పడి ఉండింది. పాత ఇనుము కొనేవాళ్ళకి తూకానికి ఇచ్చేద్దామని దీని అన్నలు కూర్చున్నారు.

"నడిచే బండిని తూకానికి ఎట్టా ఇస్తారు?" అనింది నూరి.

"నడుస్తుందా? ఏదీ, నడిపి చూపించు!" అన్నాడు పెద్దన్న.

అనకుండా ఉండాల్సింది. దాని సంగతి మనకు తెలుసు కదా! పాత కార్లున్న వాళ్ళంతా కలిసి కావలి నుంచి కన్యాకుమారికి ర్యాలీగా పోతున్నారని ఎవరో వాట్సాప్‌లో పెట్టినారు. హైవే మీద కాదంట, వీలైనంత వరకు సముద్రం పక్క రోడ్ల మీదనంట. ఇది వెంటనే పేరిచ్చేసింది. బండికి ఇద్దరుండాల. సాయంత్రం షాపుకొచ్చి, "మే పద్దూ, నువ్వు నా నావిగేటర్‌వి" అనింది.

"అంటే ఏం చేయాల?"

"దోవ చెప్పాల. ఇంజను వేడెక్కితే నీళ్ళు పోయాల."

దోవ ఫోన్ చెప్తుంది. ఇంక నీళ్ళు పోయడమే కదా, అదేమన్నా పెద్ద విద్యా అనుకున్నా!

ర్యాలీ మొదలయ్యే చోటికి పోతే అంతా మగోళ్ళే. టోపీలు, నల్లద్దాలు, మొహం చూసుకునేట్టు మెరిసే కార్లు. మా కారు డోర్ ఒక రంగు, బానెట్ ఒక రంగు. ఆ ర్యాలీ పెద్దమనిషి, ఎర్రటోపీ ఆయన, మా కారు చుట్టూ ఒకసారి తిరిగి, "అమ్మా, మీరు నెల్లూరు దాకా వస్తారా, ఇంకా ముందుకా?" అన్నాడు.

"మీ వెనకాలే వస్తామన్నా. దోవలో మీది ఆగిపోతే తోస్తాం" అనింది నూరి.

ఆయన నవ్వలా. "మధ్యాహ్నం భోజనాలు ముత్తుకూరులో. అక్కణ్ణుంచి మేం బయల్దేరే లోపల చేరకపోతే ర్యాలీలో లేనట్టే" అన్నాడు.

తోటపల్లి గూడూరు దాకా ఏ ఇబ్బందీ లేదు. రోడ్డుకి రెండు పక్కలా రొయ్యల గుంటలు, వాటిల్లో గిరగిరా తిరిగే చక్రాలు, చల్లటి గాలి. నేను పాటలు కూడా పాడినా! అంతలో బానెట్ సందుల్లోంచి ఆవిరి. నూరి పక్కకి ఆపింది.

"నీళ్ళ క్యాన్ తియ్యి."

తీసినా. చాలా తేలిగ్గా వచ్చింది. పొద్దున ఇడ్లీలు తిన్నాక చేతులు కడుక్కున్నాం. తర్వాత నేను మొహం కడుక్కున్నా. ఆ తర్వాత ముందద్దం దుమ్ముగా ఉందని అదీ కడిగినా. శుభ్రం ఎక్కువ కదా నాకు!

నూరి బక్కెట్ చేతికిచ్చి, "పోయి నీళ్ళు తీసుకురా. గుంటలో నీళ్ళు ముట్టుకోగాక, అవి ఉప్పు. మంచినీళ్ళు చూసి తే" అనింది.

నేను కట్ట మీద నడిచిపోయినా. ఒక్క మనిషి కనపడితే ఒట్టు! కొంచెం ముందుకి పోతే ఆకుపచ్చ నీడవల కింద నీలం డ్రమ్ములు. ఒక్కోదాంట్లో సన్న ట్యూబు, దాంట్లోంచి బుడగలు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. బుడగలు వస్తున్నాయంటే ఫిల్టర్ మిషనే, సందేహం లేదు అనుకున్నా. బక్కెట్ ముంచినా. నీళ్ళలో నూలుపోగుల్లాంటివి ఏవో తేలుతున్నాయి. తెల్లారింది మొదలు దారాలతో బతికేదాన్ని, నా చీరకంటుకున్న పోగులే రాలినాయిలే అనుకున్నా!

రేడియేటర్ మూత చల్లారినాక నేనే పోసినా. నా పని కదా! నూరి స్టార్ట్ చేసింది. ఇంజను హాయిగా అందుకుంది. నేను ఇంకా డోర్ వేసుకోలా, కట్ట మీద నుంచి లుంగీ ఎగ్గట్టి ఒకాయన పరిగెత్తుకుంటా వస్తున్నాడు.

"అక్కా! ఆపండక్కా! నా పిల్లలు! నా పిల్లలుండారు దాంట్లో!"

నేను కిందికి దూకి చక్రాల కింద చూసినా. వెనక చూసినా. డిక్కీ తెరిచి చూసినా. ఎవరూ లేరు!

"ఎంతమంది పిల్లలన్నా?" అని అడిగినా.

"ఏం చెప్పమంటావక్కా, వేలల్లో ఉంటాయి!"

వేలల్లోనా! నేను ఆ మాట దగ్గరే ఆగిపోయినా కానీ నూరికి అర్థమైపోయింది. ఇంజను ఆపేసి, మెల్లిగా నా వైపు తిరిగింది. అప్పుడే బానెట్ కింద నుంచి వాసన మొదలైంది. ఉడికిన రొయ్యల వాసన. అల్లం వెల్లుల్లి ఒక్కటే తక్కువ!

ఆయన పేరు సుధాకర్. వరి మానేసి కొత్తగా రొయ్యలేసినాడు. హేచరీ నుంచి అప్పుడే వచ్చిన రొయ్య పిల్లల్ని గుంటలోకి వదిలే ముందు డ్రమ్ముల్లో పెట్టుకున్నాడు. కట్ట మీద కూలబడి తలమీద చేతులు పెట్టుకుంటే నాకు ఏడుపొచ్చింది. నూరే ముందుకొచ్చింది.

"తప్పు మాదే అన్నా. ఇప్పుడు మేం చేయగలిగిన పని ఉంటే చెప్పు, చేసే పోతాం."

"పనోళ్ళంతా పాత కార్లు పోతున్నాయని ఊళ్ళో సెంటరు దగ్గరికి పోయినారక్కా, ఒక్కడూ తిరిగి రాలా. ఎండ ముదిరే లోపల మిగిలిన పిల్లల్ని వదలాల, లేకపోతే అవీ పోతాయి."

అంటే అది కూడా మా ర్యాలీ పుణ్యమే! ఇద్దరం చీరలు ఎగదోపి దిగినాం. గుంటలో నీళ్ళు మగ్గుతో కొంచెం కొంచెంగా డ్రమ్ములో కలపాల, ఆ నీళ్ళు అలవాటైనాక పిల్లల్ని నిదానంగా వదలాల. "మెల్లిగా అక్కా, మెల్లిగా, భయపడతాయి" అంటా ఉన్నాడు ఆయన. మోకాళ్ళ దాకా బురద. దూరంగా ఒక్కో ర్యాలీ కారు హారన్ కొట్టుకుంటా పోతా ఉంది. నూరి అటు చూస్తుంది, పళ్ళు బిగబట్టి మళ్ళీ మగ్గు ముంచుతుంది. ఒక్కసారి కూడా పోదాం అనలా.

ఆఖరి డ్రమ్ము వదిలినాక సుధాకర్ తను తాగే నీళ్ళ క్యాన్లు తెచ్చి రేడియేటర్ ఖాళీ చేయించి, రెండు మూడు సార్లు కడిగిచ్చినాడు. "ఒక్క బక్కెట్టే కదక్కా పోయింది. మీరు సాయం పట్టకపోతే అన్నీ పోయేవి" అన్నాడు. మంచి మనిషి.

అంతటితో అయిపోతే నేను పద్మని ఎందుకైతా! అడుగున ఇంకా ఆ రొయ్య పిల్లల నీళ్ళున్న బక్కెట్‌ని వెనక సీట్లో పెట్టినా. మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే అది బోర్లా పడింది. సీటు, మ్యాటు, దాని కింద గుడ్డ, అన్నీ తడిసినాయి.

"కడుగుదామా?" అన్నా.

"దేంతో కడుగుతావు మే?" అనింది నూరి.

ముత్తుకూరులో బొగ్గు లారీల మధ్య దూరి దూరి పోయేసరికి భోజనాల దగ్గర బ్యానర్ కూడా విప్పేసినారు. కార్లన్నీ పోయినాయి, ఎర్రటోపీ ఆయనొక్కడే మిగిలినాడు.

"టైం దాటిపోయిందమ్మా. మీ పేరు తీసేసినాం."

"లిస్టులోంచే కదన్నా తీసేసింది. రోడ్డు మీంచి కాదు కదా!" అని గేరేసింది నూరి.

ఆ మాట విన్నాక, కన్యాకుమారి కాదు, లంక దాకా రమ్మన్నా పోయేదాన్ని! అక్కణ్ణుంచి తమిళనాడంతా మేమిద్దరమే. వేడెక్కినప్పుడల్లా ఆపడం, నీళ్ళు అడుక్కోవడం. ఎవరు ఏ నీళ్ళిచ్చినా నూరిది ఒకటే మాట, "ముందు నువ్వు తాగి చూపించు." దోవ పొడుగునా ఇంజనుకి పట్టిన ప్రతి నీళ్ళూ నేను రుచి చూసినా. ఎండకి కారు లోపల వాసన ముదురుతా ఉంది. టీ కొట్ల దగ్గర ఆపితే పిల్లులు చేరేవి.

కన్యాకుమారి చేరేసరికి ర్యాలీ వాళ్ళు ఫోటోలు దిగి, కప్పులు పంచుకుని ఎప్పుడో పోయినారు. ఎదురుగా సముద్రం. నూరి స్టీరింగ్ మీద చెయ్యేసి, "నాయనా, వచ్చేసినాం" అనింది. నాకూ కళ్ళల్లో నీళ్ళు. పెద్దన్నకి వీడియో కాల్ చేసి సముద్రం చూపించింది, కారు చూపించింది. ఆయన కారుని ఇంకోసారి చూపించమని, "వచ్చేటప్పుడు నిదానంగా తోలమ్మా" అన్నాడు. అంటే తూకం మాట ఇంక లేనట్టే!

ఇద్దరం దర్జాగా పార్కింగ్‌లోకి తిప్పినాం. అక్కడి మనిషి చీటీ చించబోతా కారు లోపలికి తల పెట్టినాడు. అంతే వేగంగా వెనక్కి తీసుకున్నాడు. ముక్కు పట్టుకుని, "మీన్ వండి ఇంగ కూడాదు, అంగ పో!" అని చెయ్యి ఊపినాడు.

గాజుల సరుక్కి మద్రాసు పోయొస్తుంటుంది కాబట్టి నూరికి తమిళం వచ్చు. నన్ను చూడకుండా రోడ్డు వైపే చూస్తా చెప్పింది, "చేపల బండ్లు ఇక్కడ పెట్టకూడదంట. మార్కెట్ దగ్గరికి పొమ్మంటున్నాడు."

ఎవరితో ఏం వాదిస్తాం? పోయినాం. బండి ఇంకా ఆగనే లేదు, గంపలు చంకన పెట్టుకుని ఇద్దరు ఆడోళ్ళు పరిగెత్తుకుంటా వచ్చి డిక్కీ మీద దబదబా బాదినారు. ఏం సరుకు తెచ్చినామో చూపించమంట! కావలి నుంచి అంత దూరం పోయినామా, మా బండికి ఎదురొచ్చి స్వాగతం చెప్పినోళ్ళు వాళ్ళిద్దరే!