తాయత్తు బేరం

మా ఇంటా వంటా అందరూ దుకాణదారులే అయినా, నేను సూరత్‌లో చేసినంత గట్టి బేరం మావాళ్లెవరూ చేసి ఉండరు. మూడు నిమిషాల ప్రార్థన ఇచ్చి, ఒక మనిషి జబ్బకున్న తాయత్తు పుచ్చుకున్నాను.

అప్పుడు అక్కడ బ్యాంకులో పనిచేసేవాణ్ణి. ఆదివారం ఆరాధన అయ్యాక ఊరి చివర డిండోలి పేటలో మరమగ్గాల కార్మికుల గదులకి సువార్త చెప్పడానికి వెళ్లేవాణ్ణి. గల్లాపెట్టె దగ్గర నాన్న నేర్పిన సూత్రం వెంటే ఉండేది: అవసరం మొహంలో కనబడ్డ గిరాకీకి ధర తగ్గించకు.

సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన కార్మికుడొకడు నెలల తరబడి నా మాటలు విని, నవ్వి, చాయ్ పోసి పంపేవాడు. ఒక ఆదివారం తనే సందు మొదట్లో నాకోసం నిలబడి ఉన్నాడు.

"సారు, ఊర్ల మా బిడ్డకు వారం సంది జరం. దవాఖానల షరీక్ చేసిండ్రట. మీ దేవునికి జర చెప్పుండ్రి."

అంతే అడిగాడు. నేను అతని జబ్బకేసి చూపించాను.

"ముందు అది తియ్యి. రెండు పడవల మీద కాళ్లు పెడితే ఆయన వినడు."

"బండెక్కేటప్పుడు మా అవ్వ కట్టింది సారు. గిది ఉంటే ఏమైతది?"

"నీ ఇష్టం మరి."

వెనక్కి తిరిగి రెండడుగులు వేశాను. కొనేవాడు వేసే ఎత్తు, అమ్మవచ్చిన నేను వేశాను.

"ఆగుండ్రి," అన్నాడు. తల్లి కట్టిన దారం పళ్లతో కొరికి తాయత్తు నా చేతిలో పెట్టాడు. అప్పుడు ప్రార్థించాను. గొంతు బాగానే పలికింది కూడా.

తర్వాతి ఆదివారం మందిరంలో సాక్ష్యం చెబుతూ ఆ తాయత్తు పైకెత్తాను, కొత్త సరుకు చూపించినట్టు. చప్పట్లు కొట్టారు. బయటికొచ్చి దాన్ని మురిక్కాలవలో పడేశాను.

రెండు వారాలకి అతను బ్యాంకుకే వచ్చాడు.

"బిడ్డ పోయింది సారు. ఊరికి పోతే మా అవ్వ తాయత్తు లేని రెట్ట చూసి మాట్లాడుడే బంద్ చేసింది. గా తాయత్తు ఇయ్యిండ్రి."

"పారేశాను."

అతను అరవలేదు. "మీ దేవుడు గిట్లనే అడుగుతడా సారు, ముందుగల్ల?"

అడగడు. కుష్ఠురోగిని ముట్టుకునే ముందు ప్రభువు ఏ షరతూ పెట్టలేదని అతనికి చెప్పినవాణ్ణి నేనే. ఆ తర్వాత ఆ సందులో ఎవరూ నాకు చాయ్ పోయలేదు.

లెక్క ఇదీ. నాకు ఖర్చయింది మూడు నిమిషాలు, వచ్చింది ఒకపూట చప్పట్లు. అతనికి పోయింది తల్లి మాట, నా దేవుణ్ణి ఒకసారి అడిగి చూద్దామన్న ఆశ. అట్టడుగు వరసలో ఇంకొకటుంది: ఆ పాప పేరేమిటని నేను అడగనే లేదు. ప్రార్థనంతా "ఈ బిడ్డ" అనే నడిపాను.