నాన్నని ‘హీ’ అనిపించిన మాస్టారు

మా ఇంగ్లీషు మాస్టారు పోయారని మొన్న ఉదయం వాళ్లావిడ ఫోన్ చేసి చెప్పారు. "కాఫీ తాగి, పేపరు చేత్తో పట్టుకునే కన్ను మూశారమ్మా. ఏ బాధా పడలేదు" అన్నారావిడ. ఏడుపొచ్చింది. దాంతోపాటే హమ్మయ్య అని కూడా అనిపించింది. మంచాన పడి ఒకరి చేత చేయించుకోవాల్సి వస్తుందేమోనని ఆయనకి మహా భయంగా ఉండేది. ఆ అవసరం రాకుండానే వెళ్లిపోయారు.

గవర్నర్‌పేటలో బట్టల హోల్‌సేల్ కొట్ల పైన, ఇరుకు మెట్లెక్కితే వచ్చే ఒంటి గదిలో ఆయన ట్యూషన్లు చెప్పేవారు. నేను వెళ్లింది తొంభైల్లో. డిగ్రీ ఇంగ్లీషు తప్పినవాళ్లకి అప్పట్లో ఆయనే దిక్కు. చిన్నా పెద్దా తేడా లేకుండా అందరినీ ‘మీరు’ అనేవారు. నిద్రపోతున్నవాణ్ణి లేపాలన్నా "ఏవండీ, తమరు కాస్త లేస్తారా?" అనేవారు. అది తిట్టుకంటే గట్టిగా తగిలేది. టీ తెప్పించుకుని సగం తాగి మర్చిపోవడం, చల్లారిన టీని చూసి ప్రతిసారీ కొత్తగా ఆశ్చర్యపోవడం ఆయనకి అలవాటు.

మాది చల్లపల్లి దగ్గర నేత కుటుంబం. డిగ్రీలో నాకు ఇంగ్లీషు ఒక్కటే మిగిలిపోయింది. అది గట్టెక్కితేనే టీచర్ ట్రైనింగు. మళ్లీ తప్పితే పుస్తకాలు కట్టిపెట్టి మగ్గం దగ్గర కూర్చుంటానని ఇంట్లో నేనే చెప్పేశాను. నాన్న చీరల మూటతో కొట్లకి వచ్చినప్పుడు నన్నూ వెంటబెట్టుకొచ్చి మాస్టారికి అప్పగించారు. తను మాత్రం గది బయట మెట్ల మీదే నిలబడ్డారు.

"మీ నాన్నగారి గురించి నాలుగు వాక్యాలు చెప్పండి" అన్నారు మాస్టారు.

"మై ఫాదర్ ఈజ్ ఎ వీవర్. దే వేకప్ ఎర్లీ. దే వర్క్ హార్డ్" అన్నాను.

"ఎంతమందండీ మీకు నాన్నగార్లు?"

గదంతా గొల్లున నవ్వింది. ‘దే’ అంటే చాలామంది అని నాకు తెలియక కాదు. ‘హీ’ అంటే నా చెవికి ‘వాడు’ అన్నట్టే ఉండేది. నాన్న లేచారు, నాన్న తిన్నారు అనే నోటితో అంత మాట ఎలా వస్తుంది? పరీక్షలోనూ ఇదే తంతు. నాన్న, తాత, హెడ్మాస్టరు, కలెక్టరు, పెద్దవాళ్లెవరు కనబడ్డా నా కలం బహువచనంలోకి జారిపోయేది. మార్కులు కూడా అలాగే జారిపోయేవి.

"‘హీ’ అనండి" అన్నారు మాస్టారు.

"నాన్న బయటే ఉన్నారండీ. వినపడుద్దండీ" అన్నాను.

నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. బయటికి వెళ్లి నాన్నని లోపలికి తీసుకొచ్చారు. తన కుర్చీ గది మధ్యకి లాగి కూర్చోమన్నారు. "అయ్యో, మీ ముందు నేను కూర్చోటవేంటండీ" అని నాన్న వెనక్కి జరిగారు. మాస్టారు వదల్లేదు, భుజం పట్టి కూర్చోబెట్టారు. నాన్న కుర్చీ అంచునే సర్దుకున్నారు.

"చూడమ్మా, మనిషి ఎంత పెద్దవాడైనా కూర్చునేది ఒక్క కుర్చీలోనే. కళ్లారా చూడు, ఎంతమంది కనబడితే అంతమందినే చెప్పు. గౌరవం అంటావా, అది నీ గొంతులో ఉంది. ఇందాకే విన్నాను."

ఆయన నన్ను ‘నువ్వు’ అన్నది ఆ ఒక్కసారే. నాన్న వంక చూశాను.

"హీ ఈజ్ మై ఫాదర్. హీ వేక్స్ అప్ ఎర్లీ" అన్నాను.

"ఏమందండీ?" అన్నారు నాన్న కంగారుగా.

"మీరు తెల్లారకముందే లేస్తారని చెప్పిందండీ."

"నిజవే చెప్పింది. ఇంకా చెప్పమనండి."

గదంతా మళ్లీ నవ్వింది. ఈసారి నేనూ నవ్వాను. అప్పటిదాకా గొంతుకి అడ్డంపడి ఉన్నదేదో ఆ పూట దిగిపోయింది.

తర్వాత పాఠాలు తేలికయ్యాయి. ‘ఎవ్రీవన్’ ఏకవచనం ఎందుకైందని ఎవరో అడిగితే, "బస్సు నిండా జనం ఉన్నా కండక్టరు టిక్కెట్టు కొట్టేది ఒక్కొక్కరికే కదండీ" అన్నారు. కంకిపాడు స్కూల్లో పిల్లలకి ఇవాళ నేను చెబుతున్నదీ ఆ మాటే. ఈ ఉద్యోగం, ఈ ధైర్యం ఆయన పెట్టిన భిక్షే.

పాసయ్యాను. ఆ కబురు చెప్పడానికి నాన్నా నేనూ కలిసి వెళ్లాం. మేం మెట్లెక్కనే లేదు, పైనుంచి మా ముఖాలు చూసి ఆయనకి అర్థమైపోయింది. పాఠం మధ్యలో వదిలేసి సుద్ద చేతులతోనే రోడ్డు మీదికి దిగొచ్చారు. "మా పిల్లని ఒడ్డున పడేశారండీ" అంటూ నాన్న దణ్ణం పెట్టబోతే, ఆ రెండు చేతులూ పట్టుకుని ఊపేశారు. ఆటోవాళ్లు హారన్లు కొడుతున్నా ఇద్దరూ కదల్లేదు.

తిరుగు బస్సులో నాన్నకి కిటికీ పక్క సీటు దొరికింది. నీలిరంగు పట్టిన ఆయన అరచేతుల నిండా సుద్దపొడి. చల్లపల్లి దాకా ఆ చేతులు దులుపుకోకుండా, ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని కూర్చున్నారు.