పరాయి ఆది జాకెట్టు

పట్టుగుడ్డని కొత్త టైలరు చేతిలో ఎవరూ పెట్టరు. ముందు వాయిల్ ముక్కో, పాత లైనింగు గుడ్డో ఇచ్చి కుట్టించి చూస్తారు. చంకల దగ్గర పట్టేసిందా, ఆ టైలరు గడప మళ్ళీ తొక్కరు. నాకూ ఆడవాళ్ళంతా అలాగే పరీక్ష పెట్టారు. అందుకని, మా కొట్టుకి వీడియోలు చేసిపెడతానని వచ్చిన అమ్మాయికి నేను కూడా ముందు వాయిల్ ముక్కే ఇచ్చాను. అంటే, మా వదిన హుక్కులు కుడుతుంటే నా ఫోన్లో తీసిన వీడియో. అందులో సగం నా బొటనవేలే! ఆ పిల్ల దాన్ని కత్తిరించి, అతికించి, అర నిమిషంలో ముచ్చటగా తయారుచేసి పంపింది. సరే, చేతిలో పనితనం ఉంది అనుకున్నాను.

వదినంటే మా ఆయనకి అక్క. అన్నయ్యగారు పోయాక మా ఇంటికే వచ్చేసింది. ఈ హిందీవాళ్ళ ఊళ్ళో, సిద్ధగోరా పేటలో మా ఇంటి వసారాకి రేకులు దింపి పెట్టుకున్న కొట్టు మాది. నాదొక మిషను, ఆవిడదొక మిషను. నేను కొలతలు తీసి కత్తిరిస్తూ వాగుతుంటాను, ఆవిడ నోరు మెదపకుండా కుడుతుంది. బిష్టుపూర్ షాపుల్లో రెడీమేడ్ జాకెట్లు వేలాడ్డం మొదలయ్యాక మాకు పని తగ్గి, ఆవిడ మిషను మీద కప్పిన గుడ్డ తియ్యడమే మానేశాం. అక్కడే ఆడపిల్లల హాస్టల్ నడిపే ఒక తెలుగావిడ వంటమనిషి కోసం చూస్తోందని తెలిసి, మా వదిన ఆవిడతో ఫోన్లో మాట్లాడేసింది.

"పెల్లిల్ల రోజుల్దాకా సూత్తానే. అప్పటికీ పని నేకపోతే ఎల్లిపోతాను. ఊరికే కూకుని తింతే నాకు ముద్ద దిగదు" అంది నాతో.

ఆ రోజు నాకు ముద్ద దిగలేదు. పక్కన ఆవిడ మిషను చప్పుడు వినబడితేనే నాకు కత్తెర ఆడుతుంది. ఆవిడ వెళ్ళిపోతుందన్న భయం ఒక్కటే నన్ను ఈ వీడియోల్లోకి దింపింది.

ఆ అమ్మాయి గోల్‌మురిలో ఉండే మన తెలుగు పిల్లే. ఒక జిమ్ముకీ, ఒక కేకుల షాపుకీ ఇంట్లో కూర్చునే ఎడిటింగ్ చేస్తుంది. మనం తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెబుతుంది. రెండోసారి వచ్చినప్పుడు అడిగింది:

"ఆంటీ, కోయీ రిఫరెన్స్ హై?"

"ఏటది?"

నచ్చిన వీడియో ఏదైనా ఒకటి పంపితే, దాన్ని ముందు పెట్టుకుని మాదీ అలాగే చేస్తుందట. ఓస్, ఇంతేనా! ఆది జాకెట్టు అడుగుతోంది! ఒంటికి సరిపోయిన పాత జాకెట్టు ఇస్తే దాని కొలతకి కొత్తది కుడతాం కదా, అదే అన్నమాట. నాకు తెలియని విద్యా ఇది? హైదరాబాదులో ఏదో పెద్ద బుటీకు వాళ్ళ వీడియో వెతికి పంపాను. చుట్టూ అద్దాలు, తెల్లటి లైట్లు, సన్నటి పిల్ల ఒకతి మెల్లగా వెనక్కి తిరగడం. కింద "అచ్చం ఇలాగే కావాలి" అని రాశాను. మా రేకుల కొట్టులో అద్దాలెక్కడివి? మా చుట్టాల కొత్త ఫ్లాటుకెళ్ళి, వాళ్ళ హాల్లో నా జాకెట్లు వేలాడదీసి మరీ వీడియోలు తీసి ఇచ్చాను.

ఆ పిల్ల అచ్చం అలాగే చేసింది. ఇంగ్లీషు మ్యూజిక్కు, బంగారు రంగు అక్షరాలు. నా గొంతు లేదు, వదిన చెయ్యి లేదు. ఎంత మురిసిపోయానో! తెలిసినవాళ్ళకీ తెలియనివాళ్ళకీ అందరికీ పంపాను.

ఫోన్లు వచ్చాయి. ఏసీ ఉందా, ట్రయల్ రూమ్ ఉందా అని. ఒకావిడ ఏకంగా కారులో వచ్చింది. అద్దం దించి "బుటీక్ కిధర్ హై?" అంది. "యహీ హై" అన్నాను గర్వంగా. రేకులకేసి చూసింది, తలుపుకి బదులు కట్టిన నా పాత చీరకేసి చూసింది, "అచ్ఛా" అని అద్దం ఎత్తేసుకుని వెళ్ళిపోయింది. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అంటే ఇదే కాబోలు!

అంతకన్నా పెద్ద దెబ్బ గోల్‌మురి కూరగాయల బజారులో తగిలింది. తన పెళ్ళినాటినుంచీ నా దగ్గరే కుట్టించుకునే ఒకావిడ చేతిలో రెడీమేడ్ జాకెట్ల సంచితో కనబడింది. ఇదేమిటమ్మా అన్నాను.

"నువ్వు పెద్ద డిజైనరువైపోనావు గదే! మా వాయిల్ జాకెట్లు ఇంక నీ కంటికి ఆన్తాయేటి?" అంది.

కొత్తవాళ్ళు రాలేదు సరికదా, ఉన్నవాళ్ళూ పోయారు. ఇంటికొచ్చేసరికి వదిన పెట్టెలో చీరలు సర్దుతోంది. "సోమారం ఆ హాస్టలావిడే ఆటో ఏసుకొచ్చి తీసికెల్తాదంట. మాటిచ్చేసినాను" అంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పిల్లని పిలిపించాను. స్కూటీ దిగీదిగకముందే అందుకున్నాను. కొట్టు ముంచావన్నాను, ఇదీ ఒక ఎడిటింగేనా అన్నాను, నోటికొచ్చిందల్లా అన్నాను. పాపం, అంతా విని, నేను పంపిన మెసేజ్ తీసి నా ముందు పెట్టింది.

"ఆప్ హీ బోలే థే నా ఆంటీ. అచ్చం ఇలాగే."

ఆ పిల్ల నోట నేను విన్న మొదటి తెలుగు మాటలవి. అవీ నావే. అంతలో లోపలినుంచి వదిన నవ్వడం వినబడింది. చీర మడత చేత్తో పట్టుకునే బయటికొచ్చింది.

"ఒలే, అక్క జాకెట్టు అట్టుకొచ్చి ఈ ఆదికి నాకు కుట్టీమంతే, ఆ మనిసిని ఈది సివరిదాకా తిట్టి పంపేత్తావు. మరి నువ్వేటి సేసినావే? ఎవులిదో ఆది తెచ్చి మన కొట్టుకి కుట్టించినావు. పడతాదేటి? పులిని సూసి నక్క వాత పెట్టుకున్నట్టుంది నీ యవ్వారం! ఆ గుంటనెందుకే తిడతావు?"

 నిజమే మరి! రోజూ అందరికీ చెప్పే మాట నాకు నేను చెప్పుకోలేకపోయాను. ఆ పిల్లకి మా ఆది గొడవ అర్థం కాలేదు. వదిన ఒక జాకెట్టు తెచ్చి విడమరిచి చెబితే కళ్ళు పెద్దవి చేసుకుని విని, సాయంత్రందాకా ఇక్కడే కూర్చుని ఉన్నదున్నట్టు వీడియో తీస్తానంది.

కాసేపటికే ఒక పెళ్ళికూతురు వచ్చింది. పట్టుగుడ్డతో పాటు వాళ్ళక్క జాకెట్టు ఆది తెచ్చింది! నేను నటించాల్సిన అవసరమే రాలేదు. "ఇది నీదా? మీ అక్క బుజమేటి, నీ బుజమేటి! ఈ ఆదికి కుడితే పీటల మీద చెయ్యెత్తగలవా? తాలి కట్టించుకుంతావా, సంకలు పట్టుకు కూకుంతావా?" అని మొదలుపెట్టాను. వీడియోల పిల్ల ఫోన్లో తీస్తూనే పడీపడీ నవ్వింది. పక్కన వదిన పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని నవ్వలేక అవస్థపడి, చివరికి అవి తీసి పక్కనపెట్టి మరీ నవ్వింది.

పెళ్ళికూతుర్ని అడిగి ఒప్పించి, ఆ ముక్కే వీడియో చేసింది మా అమ్మాయి. ఈసారి మ్యూజిక్ లేదు. మిషను చప్పుడు, నా తిట్లు, చివర్లో వదిన నవ్వు. "రేకులు కనబడుతున్నాయే, తీసెయ్యమ్మా" అని బతిమాలాను.

"నహీ ఆంటీ. యే ఆప్ కా నాప్ హై" అంది. ఇది మీ కొలతే అని.

దాన్నీ అందరికీ పంపాను. మర్నాటినుంచీ పాతవాళ్ళు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. గోల్‌మురి బజారులో దెప్పిన ఆవిడ సంచి నిండా గుడ్డలు తెచ్చి, "తిట్లు తినడానికొచ్చినానే" అంది. పెళ్ళివాళ్ళ గుడ్డలు మంచం మీద గుట్ట పడ్డాయి. అయినా వదిన పెట్టె విప్పలేదు. ఇచ్చిన మాట ఎలా తప్పుతానంది. ఆవిడ మొండితనం నాకు తెలుసు, అందుకే మళ్ళీ అడగలేదు.

సోమవారం ఆటో వచ్చింది. వదిన పెట్టె గుమ్మంలో ఉంది. హాస్టలావిడ దిగుతూనే నాకేసి చూసి, "ఆ తిట్టే ఆవిడ మీరేనా?" అని నవ్వింది. చంకలోని సంచిలోంచి పట్టుగుడ్డలు, వాటితో ఒక ఆది జాకెట్టు తీసింది. "ఎలాగూ వత్తన్నాను గదా అని తెచ్చాను."

నేను అందుకోబోయేలోపే వదిన చెయ్యి చాపి ఆ జాకెట్టు తీసుకుంది. తిరగేసి చూసింది. ఆవిడని కింద నుంచి పైదాకా చూసింది. కొట్టుకొచ్చినవాళ్ళతో ఎన్నడూ పెదవి విప్పని మా వదిన అడిగింది:

"ఇది మీదేనా, మీ సెల్లిదా?"

"నాదే. కొంచెం పాతది" అందావిడ సిగ్గుపడుతూ.

"ఐతే ఇది పనికిరాదు. ఇలా రండి, కొలత తీత్తాను" అని టేపు నా మెడలోంచి లాక్కుంది. కొలతలన్నీ తీసి, తన మిషను మీది గుడ్డ తీసి, మడతపెట్టి, పీట లాక్కుని కూర్చుంది.

"వంటకి ఇంకో మనిసిని సూసుకోండమ్మా. నానొచ్చేత్తే మీ జాకెట్లు ఎవులు కుడతారు?"

హాస్టలావిడ నవ్వి సరేనంది. నేను వదిన మిషను సూదిలో దారం ఎక్కించి, పెట్టె తీసుకెళ్ళి లోపల పెట్టాను.