కాకి తన్నిన ఇంటికి దారి

కోట ఊరు దాటి, కాలువ దాటి సముద్రపు ఒడ్డుకు ఎట్లా వెళ్ళాలని ఈమధ్య ఇద్దరు ముగ్గురు నన్ను అడిగారు. అక్కడి గాలి మంచిదనీ, ఎండాకాలంలో నాలుగు రోజులు ఉండి రావచ్చుననీ విన్నారట. గాలి మంచిదే. నేను వెళ్ళింది మాత్రం గాలి కోసం కాదు. అక్కడ కాపురం ఉన్న మా ఆఖరి చెల్లెలు రమణమ్మ తలమీద కాకి తన్నింది. అందుకు వెళ్ళాను.

కాకి తల మీద తన్నితే గండమంటారు. కాకి శనిదేవుడి వాహనం కనుక ఆ తన్ను ఆయన తన్నేనని నమ్మకం. దానికి విరుగుడు కూడా ఉంది. తన్ను తిన్న మనిషి చచ్చిపోయిందని పుట్టింటికి అబద్ధపు కబురు పంపాలి. వాళ్ళు అది నిజమనుకుని గుండెలు బాదుకుని ఏడవాలి. ఆ ఏడుపుతో చావు తీరిపోయినట్టు లెక్క. తరువాత నిజం చెబుతారు. మా వైపూ ఈ ఆచారం ఉంది. రమణమ్మ అత్తవారింట్లో ఇంకొకటి కూడా ఉంది. పుట్టింటివాళ్ళు ఏడ్చారని తిరుగు కబురు వచ్చేదాకా ఆ మనిషి ఇంటి గడప తొక్కకూడదు. చంటిబిడ్డను ముట్టకూడదు.

మేము పొదలకూరు దగ్గర పల్లెలో ఉంటాం. నేను ఇంటికి పెద్దకూతురిని, పుట్టింట్లోనే ఉండిపోయాను. వైశాఖమాసం, సాయంత్రం పూట. అమ్మ లోపల చింతపండు గింజలు తీస్తోంది. కోట నుంచి మా వైపు చీరలు తెచ్చి అమ్మే మస్తాన్ సాయిబు మూట దించకుండా వాకిట్లోనే నిలబడ్డాడు. నేను, తమ్ముడు బయటికి వచ్చాం.

"ఏంది సాయిబూ, కూర్చోవా?" అన్నాడు తమ్ముడు.

ఆయన లోపలికి ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "రమణమ్మ పోయిందని చెప్పమని పంపినారు. ఆమెకేం కాలా, కాకి తన్నింది, అంతే. దారంతా అనుకుంటా వచ్చినా, ఈ మాట ఎట్ట చెప్పేదని. రోజూ నమాజు చేసే నోరమ్మా ఇది. బతికుండే బిడ్డను ఈ నోటితో చంపలేను."

లోపల అమ్మ వినలేదు. ఆమె గుండె ఈ మధ్య బలహీనంగా ఉంది. ఆ కబురు సూటిగా ఆమె చెవిన పడి ఉంటే ఏమయ్యేదో నేను ఆలోచించదలచుకోలేదు.

తమ్ముడు తెలివైనవాడు, గొడవలు ఇష్టపడడు. "పోనీలే అక్కా, వాళ్ళ ఆచారం వాళ్ళది. ఏడ్చినామని సాయిబు చేత చెప్పిస్తే సరిపోతుంది గదా" అన్నాడు.

"అబద్ధానికి అబద్ధమా?"

"మరేం చేద్దామంటావు?"

"రేపు నేనే పోతా. బతికుండే బిడ్డ కోసం ఈ ఇంట్లో ఎవరూ ఏడవరు" అన్నాను. సాయిబును అన్నం తినిపోమన్నాను.

ఇక దారి చెబుతాను. తెల్లవారుజామున మొదటి బస్సు ఎక్కితే ఎండ ముదరకముందే నెల్లూరు చేరతారు. స్టేషనులో గూడూరుకు ప్యాసింజరు బండి దొరుకుతుంది, టిక్కెట్టు రూపాయి కూడా కాదు. ఆడవాళ్ళ పెట్టెలో కిటికీ పక్కన చోటు దొరికింది. బండి ఎక్కినప్పటి నుంచి దిగేదాకా రామనామం చెప్పుకున్నాను. కోపం వచ్చినప్పుడు నాకు తెలిసిన పని అదొకటే. గూడూరులో స్టేషను బయటి నుంచే కోట బస్సు బయలుదేరుతుంది. జనం నిండితే గాని కదలదు. ముందువరుస సీట్లలో కూర్చుంటే ఇంజను వేడి కాళ్ళకు తగులుతుంది, కాబట్టి మధ్యలో కూర్చోండి. దారికి రెండు పక్కలా కోతకోసిన పొలాలు. కోటకు దగ్గరవుతున్నకొద్దీ గాలిలో ఉప్పు తెలుస్తుంది.

కోటలో దిగి, బస్సులు ఆగేచోట పూటకూళ్ళ ఇంటి అరుగు మీద నా సద్ది మూట విప్పాను. పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ. తినేముందు ఒక ముద్ద తీసి అరుగు చివర పెట్టాను. ఇది నాకు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఉన్న అలవాటు. నాన్న పోయాక ఆ ముద్ద ఆయనదే అనుకుంటున్నాను. ఒక కాకి వచ్చి, మెడ పక్కకు వంచి నన్ను చూసి ముద్ద తీసుకుంది.

పూటకూళ్ళమ్మ నీళ్ళచెంబు తెస్తూ ఆగిపోయింది. "ఇంటి కాకి గాదు గదక్కా అది. బస్టాండు కాకి. దానికి గూడా పెడతారా?"

"మా నాన్న బస్సెక్కి రాడని నీకు తెలుసా?"

ఆమె పకపకా నవ్వింది. మంచినీళ్ళతో పాటు గ్లాసు మజ్జిగ కూడా ఇచ్చి, దానికి డబ్బులు వద్దంది. అక్కడ భోజనం మీకు కావలసి వస్తే మధ్యాహ్నంలోపు చెప్పి ఉంచాలి. కారం ఎక్కువ.

కోట నుంచి కాలువ దాకా ఒంటెద్దు బండి మాట్లాడుకోవాలి. బండి తోలే ఆయన పేరు పెంచలయ్య. ఏ ఊరు, ఎవరి ఇంటికి అని అడిగాడు. చెప్పాను. ముల్లుకర్ర పైకెత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు.

"ఆ బాదంచెట్టు ఇంటికా? ఆ కోడలమ్మ నిన్న పోయిందన్నారే!"

"పోలేదు."

"ఓహో, కాకి కబురా!" అని నెమ్మదించాడు. మళ్ళీ అనుమానంగా వెనక్కి తిరిగాడు. "మీరు ఆమెకు ఏమవుతారు?"

"అక్కను."

"మరి ఏడవకుండా వస్తుండారేందమ్మా? ఏడిచేవాళ్ళు ఈడ నుంచే ఎత్తుకుంటారు. కాలువ దాటేసరికి గొంతు బాగా లేస్తాది."

"ఎద్దును చూసి తోలు పెంచలయ్యా, గుంట వస్తుంది" అన్నాను. కాలువ వచ్చేదాకా ఆయన నా ముఖం చూస్తూనే ఉన్నాడు, ఎప్పుడు మొదలుపెడతానోనని.

బకింగ్‌హాం కాలువ మీద మదరాసుకు కట్టెలు తీసుకుపోయే పెద్ద పడవలు కనిపిస్తాయి. మనుషులను దాటించేది చిన్న పడవ. వెనక పడవవాడు అణా తీసుకునేవాడట, ఇప్పుడు ఆరు నయాపైసలు. ఆవలి ఒడ్డు నుంచి నడకే. సరుగుడు తోటల నీడ ఉన్నంతసేపు సుఖం. తరువాత ఇసుక కాలిపోతుంది, చెప్పులు లేనిదే అడుగు పెట్టవద్దు. తోట దాటగానే సముద్రం హోరు వినిపిస్తుంది. ఊరి పేరు రాయను. ఆ ఇంట్లో మా చెల్లెలు ఇంకా కాపురం చేయాలి.

ఇంటికి చేరేసరికి పొద్దు నడినెత్తి దాటింది. రమణమ్మ గొడ్లచావిడిలో చాప మీద కూర్చుని ఉంది. ముందు రోజు కట్టిన చీరే. రవిక ముందు భాగం పాలతో తడిసి ఉంది. ఇంట్లో నుంచి ఎనిమిది నెలల పిల్లవాడి ఏడుపు వినబడుతోంది. నన్ను చూడగానే లేచి వెనక్కి జరిగింది.

"ముట్టుకోవద్దక్కా. నీకు తగలతాది."

నేను పోయి ముట్టుకున్నాను. తల మీద చెయ్యి వేసి చూశాను. పాపిట పక్కన చిన్న గీత, అప్పుడే పక్కు కట్టింది. ఇంత గీత కోసం పిల్లవాడికి రెండు రోజులుగా ఆవుపాలూ, ఉగ్గుగిన్నే, ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోవటమూ.

మరిది చెంచురామయ్య అరుగు దిగి వచ్చాడు. "వదినా, మీరు వస్తారనుకోలా. సాయిబు..."

"వచ్చినాడు. నిజం చెప్పినాడు."

ఆ మాటకు వాళ్ళమ్మ గుమ్మంలోకి వచ్చింది. నేను ఆమెను అత్తా అంటాను. "నిజం చెప్పినాడా! వాడి నోరు పడ! ఇంక ఏడుపెట్ట వస్తాది మీకు?"

"రాదత్తా."

"పెద్దమ్మాయీ, కాళ్ళు పట్టుకుంటా. రాకపోయినా ఏడువు. ఒక్క గడియ. ఊళ్ళోవాళ్ళు వినేటట్టు. నీ చెల్లెలు బతకాలని లేదా నీకు?"

ఆమెది గయ్యాళితనం అయితే నాకు పని తేలికయ్యేది. ఆమెది భయం. అరుగు మీదకు పిలిచి కూర్చోబెట్టి చెప్పింది. ఆమె పెద్దకొడుకును కూడా ఒకసారి కాకి తన్నిందట. అప్పుడు ఆమె నవ్వి ఊరుకుంది. ఎవరికీ కబురు పంపలేదు. ఆ ఏడు తిరక్కుండానే చేపలవేటకు పోయేవాళ్ళ పడవలో సరదాగా ఎక్కినవాడు మళ్ళీ రాలేదు. "నవ్వినానమ్మా నేను" అని మూడుసార్లు అంది. ఆ తరువాత ఆ ఇంట్లో కాకికి ముద్ద పెట్టడం మానేశారు.

నేను లేచి, కాకి తన్నింది ఎక్కడని మరిదిని అడిగాను. బావి దగ్గరన్నాడు. బావి మీదకు బాదంచెట్టు కొమ్మలు వంగి ఉన్నాయి. తలెత్తి చూస్తే పుల్లల గూడు. గూటి అంచున ఎర్రటి నోళ్ళు తెరుచుకుని రెండు పిల్లలు. ఇంకొకటి కింద పడిపోయినట్టుంది, బావి చుట్టూ కట్టిన చప్టా పక్కన రెక్కలు ఈడ్చుకుంటూ తిరుగుతోంది. దాన్ని ఎవరూ చూడలేదు. అందరూ శనిని చూస్తున్నారు.

"అటు పోబాకండి వదినా!" అని మరిది కేక పెట్టాడు.

నెత్తిన కొంగు తీసేశాను. బావి దగ్గరకు పోయి చేద వేశాను. రెండు చేదలు తోడేలోపు రెక్కల చప్పుడయింది. నడినెత్తిన గట్టిగానే తన్నింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కాని అది ఏడుపు కాదు. మూడో చేద తోడి అక్కడే నెత్తిన పోసుకున్నాను. అక్కడున్న బిందె నింపుకుని తడిబట్టలతో వాకిట్లోకి వచ్చాను.

"అత్తా, నన్ను గూడా తన్నింది. మీరందరూ చూసినారు. నా కోసం ఎవరు ఏడవాలిప్పుడు? నాకన్నా పెద్దది మా అమ్మ ఒక్కతే. ఆమెకు ఈ కబురు నేను పోనియ్యను."

"రామ రామ! ఎంత పని చేసినావే!"

"తద్దినం రోజు ఆ కాకి రాకపోతే చేతులు జోడించి పిలుస్తాం. వచ్చి ముద్ద ముడితే నాన్న వచ్చినాడంటాం. అదే కాకి తన పిల్లల్ని కాచుకుంటే శని అంటామా? పోనీ, శనే అనుకో. శనివారం శనివారం ఆయనకు నువ్వుల నూనెతో దీపం పెట్టి మొక్కుతుండా. మొక్కే దేవుడు తన్నితే ఆయన దగ్గరకే పోతాను. గొడ్లచావిట్లో దాక్కోను."

"నువ్వు నోరు తక్కువ మనిషివని చెప్పినారే మాకు!"

"తక్కువే అత్తా. ఏడుపు అంతకన్నా తక్కువ."

చెంచురామయ్య తల దించుకుని నవ్వు ఆపుకున్నాడు. నేను చావిట్లోకి వెళ్ళి రమణమ్మ చెయ్యి పట్టుకున్నాను. గడప దగ్గర ఆమె ఆగిపోయింది. "అక్కా, నిజంగా ఏమన్నా అయితే?" అంది.

"అయితే అయినరోజు చూసుకుందాం. ఈ పూట పిల్లోడికి ఆకలి" అన్నాను.

గడప దాటింది. అత్త అడ్డం రాలేదు, రమ్మని కూడా అనలేదు. నేను దేవుడి గూట్లో దీపం వెలిగించేసరికి లోపలి గదిలో పిల్లవాడి ఏడుపు ఆగిపోయింది. ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. సముద్రం అంత దగ్గరగా ఉందని అప్పుడే తెలిసింది నాకు.

సాయంత్రం అన్నం వార్చాక అత్త నా దగ్గరకు వచ్చింది. ఆమె అరచేతిలో నెయ్యి వేసిన వేడి ముద్ద ఉంది. "నేను పెట్టలేను. నువ్వు పెట్టు" అంది. బావికి ఇవతల గోడమీద పెట్టి వెనక్కి వచ్చాను. ఆమె తలుపు చాటున నిలబడింది. బాదంచెట్టు నుంచి కాకి దిగింది. ముద్ద చుట్టూ ఒకసారి తిరిగి, సగం నోట కరుచుకుని గూటికి పోయింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపును నేను ఆపలేదు. అది నిజంగా పోయిన మనిషి కోసం.

రమణమ్మ బాగుంది. రేపు ఆమెకు తలనొప్పి వచ్చినా ఊళ్ళో నన్నే అంటారని నాకు తెలుసు. అననివ్వండి. మనుషులం కనుక ఒకరోజు అందరమూ పోతాం, మిగిలినవాళ్ళు ఏడుస్తారు. ఆ రోజు దేవుడి చేతిలో ఉంది, పక్షి కాలిలో లేదు. నేను రోజూ పొద్దున్నే కాకికి ముద్ద పెట్టి దణ్ణం పెడుతున్నాను, ఇకముందూ పెడతాను. భయంతో కాదు. పెద్దల పేరు చెప్పి పెట్టిన అన్నాన్ని కాదనకుండా తీసుకునేది మన పెరట్లో అదొక్కటే.

ప్రయాణం చేసేవారికి ఒక మాట. కాలువ మీద పడవ దీపాలవేళకు ఆగిపోతుంది, కనుక గూడూరులో పొద్దుటి బస్సు తప్పిపోకుండా చూసుకోండి. ఆ ఒడ్డు నుంచి మీ ఆడపిల్ల పోయిందని కబురు వస్తే, అది నిజమో కాకి కబురో నేను చెప్పలేను. వాకిట్లో కూలబడకండి. చెప్పులు వేసుకుని బయలుదేరండి. మధ్యాహ్నానికి చేరతారు, బిడ్డకు పాలవేళ దాటకముందే.