నీడలో ఆరాల్సిన చుక్కాని

నా చిన్నప్పుడు ఎల్బీనగర్ దగ్గర పడవ ఎక్కి బడికి పోయేవాళ్లమని చెబితే మా మనవలు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. ఇప్పుడు మెట్రో దిగి, ఆటో మాట్లాడుకుని వనస్థలిపురంలో మా ఇంటికి వచ్చే దారంతా అప్పట్లో ద్రాక్షతోటలు, జొన్నచేలు, మధ్యలో చిన్న చిన్న ఊళ్లు. మా ఊరు అందులో ఒకటి. ఊరికీ దిల్‌సుఖ్‌నగర్ రోడ్డుకీ మధ్య ఒక చెరువు ఉండేది. ఎండాకాలంలో నీళ్లు లోపలికి తగ్గిపోయేవి కాబట్టి పక్కనుంచి నడిచి పోయేవాళ్లం. వానలు పడి చెరువు నిండిందా, కట్ట మీదుగా చుట్టూ తిరిగి పోవాలి, లేదంటే మా తాత పడవ ఎక్కాలి. పాలవాళ్లు, కూరగాయల గంపలవాళ్లు, బడిపిల్లలం, అందరం అందులోనే. ఆ చెరువు ఇప్పుడు సగం కాలనీలు, సగం గుర్రపుడెక్క.

చెరువు పడవకు చుక్కాని ఎందుకని మీరు అడగొచ్చు. మా చుట్టుపక్కల చెరువుల్లో ఎవరికీ లేదు, అందరూ గెడ వేసి తోసుకునేవాళ్లే. మా పడవ మాత్రం గోదావరి వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన ఒక వడ్రంగి మేస్త్రి చేసింది. వచ్చిన కొత్తలో ఆయనకు తల దాచుకునే చోటు లేకపోతే, మా తాత కొట్టం పక్క గదిలో ఉండనిచ్చాడట. ఆ కృతజ్ఞతతో ఆయన తమ ఊరి పద్ధతిలో పడవ చేసి, దానికి టేకు చుక్కాని పెట్టి ఇచ్చాడు. మా తాతకు అదంటే ఎంత గర్వమో చెప్పలేను. వెనక కూర్చుని, పిడి మీద రెండు వేళ్లు ఆనించి, అవతలి ఒడ్డున మనుషుల్ని పేర్లు పెట్టి పిలుస్తూ పడవ నడిపేవాడు.

ఏళ్లు గడిచేసరికి ఆ చుక్కాని వెనక అంచు నీటి మట్టం దగ్గర నానీ నానీ చివికిపోయింది. మా తాత ఒక నూనె డబ్బా విప్పి, ఆ రేకు చుట్టి మేకులు కొట్టాడు. రేకు మీద కొబ్బరిచెట్టు బొమ్మ సగం తెగి, పచ్చగా మెరుస్తూ ఉండేది. అంతవరకూ నాకు దాని గొడవే పట్టలేదు. నా పదకొండో ఏట, దిల్‌సుఖ్‌నగర్ బడిలో నాతో చదివే ఒక అమ్మాయి ఆదివారం పడవ చూస్తానని వచ్చింది. వాళ్ల నాన్న బ్యాంకులో పని చేసేవాడు, కోస్తా నుంచి బదిలీ మీద వచ్చారు. ఆ పిల్ల ఒడ్డున నిలబడి పడవ వెనక భాగం చూసి, "అయ్యో, మీ పడవకి పరికిణీ చిరిగిందే, అతుకేశారు!" అంది. సోమవారానికల్లా తరగతి మొత్తానికి నేను నూనె డబ్బానైపోయాను. అప్పటినుంచి పడవలో వెనక్కి పోయి కూర్చుని, నా బడిసంచీని చుక్కాని మీదికి వేలాడేసి ఆ రేకు కనిపించకుండా దాచేదాన్ని. మా తాత నేను తన పక్కన కూర్చోవడానికి వస్తున్నానని సంతోషపడేవాడు.

ఆ ఏడు మే నెలలో పడవను ఒడ్డుకు లాగారు. మిరుగు, అదే మృగశిర కార్తె, వచ్చేలోపు ఏటా అంతే, అడుగంతా గీకి, డాంబర్ పూసి సిద్ధం చేసుకోవాలి. చుక్కాని విప్పి మా ఇంటికి తెచ్చారు. మేస్త్రి వచ్చి రేకు ఊడదీసి, ఉలి మొనతో అక్కడక్కడా గుచ్చి చూశాడు. నేను పక్కనే నిలబడి, పనికిరాదు అంటాడేమోనని ఆశగా చూస్తున్నాను.

"ఏంది మేస్త్రీ, బాగయితదా, కొత్తది చెయ్యాల్నా?" అన్నాడు తాత.

"పైన చివికింది గానీ లోపల గట్టిగానే ఉందండి. అంచు కోసి ముక్క అతికిస్తే ఇంకో పదేళ్లు లాగుతుంది. కాకపోతే నీళ్లలోంచి తీసిన పూట ఏదీ తేల్చలేం. మూడు రోజులు నీడన ఆరనివ్వండి. పగులు రాకపోతే బాగు చేద్దాం. వస్తే మాత్రం కొత్తదే."

అదీ ఆయన పద్ధతి. నానిన చెక్కను ఎండ తగలని చోట పెట్టాలి, పొద్దునా సాయంత్రం తిరగెయ్యాలి, రెండు చివరలకూ తడి గోనె చుట్టి ఉంచాలి. చివరలు ముందే ఎండిపోతే చెక్క చీలిపోతుందట. ఇదంతా ఎవరు చూస్తారని మేస్త్రి అడిగితే తాత నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "మా బిడ్డ చూస్కుంటది, నువ్వు పరేషాన్ గాకు" అన్నాడు.

నేను చూసుకున్నాను, నా పద్ధతిలో. తాత పొద్దున్నే డాంబర్ డబ్బా పట్టుకుని కట్ట దగ్గరికి పోతే మళ్లీ మధ్యాహ్నం దాటాకే రాక. నాయనమ్మ తోటలో పనికి పోయేది. ఇల్లు ఖాళీ కాగానే గోనె తీసేసి, ఆ చుక్కానిని ఒక కొసన పట్టుకుని ఈడ్చుకుంటూ పెరట్లో బండ మీదికి చేర్చాను. మే నెల ఎండ, బండ మీద కాలు పెడితే బొబ్బలెక్కేది. అది చాలదన్నట్టు చెంబుతో నీళ్లు చల్లి మళ్లీ ఎండబెట్టాను. తాత వచ్చే వేళకు కొట్టంలోకి లాగి, గోనె కప్పి, ఏమీ ఎరగనట్టు గచ్చకాయలు ఆడుకుంటూ కూర్చున్నాను. రెండో రోజు పన్నెండు గంటలప్పుడు చెక్క టప్‌మని చప్పుడు చేసింది. పరుగెత్తి చూశాను. పడవకు తగిలించే ఇనుప పట్టీల రంధ్రాల మీదుగా, పై నుంచి దాదాపు మూరెడు పగులు. నేను నవ్వాను. ఇంతకాలం తర్వాత రాయడానికి కూడా సిగ్గుగా ఉంది, కానీ నవ్విన మాట నిజం.

నాలుగో రోజు మేస్త్రి వచ్చాడు. పగులు వెంట బొటనవేలు పోనిచ్చాడు. చెక్కను తిరగేసి రెండో వైపు చూశాడు. ఎండి అట్టకట్టిన గోనెను చేత్తో నలిపాడు. తర్వాత తల ఎత్తి పెరట్లోకి చూశాడు, అక్కడ బండ మీద నేను ఈడ్చిన గీతలు ఇంకా ఉన్నాయి. ఆయన నా వైపు చూడలేదు. మా తాతతో, "లోపం చెక్కలోనే ఉందండి. చేసేటప్పుడు నేను సరిగా చూసుకోలేదు. తప్పు నాదే" అన్నాడు.

తన పని మీద ఈగ వాలనివ్వని మనిషి ఆయన. ఆయన చేసిన తలుపుకు వంక పెట్టినవాడితో ఏడాదిపాటు మాట్లాడలేదని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. అలాంటివాడు మా వాకిట్లో నిలబడి, చేయని తప్పు ఒప్పుకున్నాడు. మా తాత నమ్మాడు. "నీ పనిల తప్పేంది మేస్త్రీ, దాని ఆయుష్షు గంతే" అని ఆయన్నే ఓదార్చాడు. తర్వాత ఆ చుక్కానిని ఒళ్లో పెట్టుకుని పాత మేకుల గుర్తులు తడుముతూ కూర్చున్నాడు. మిరుగు పది రోజులు కూడా లేదు, పచ్చి చెక్కతో చేస్తే వంకర పోతుంది, బాగా ఆరిన అంత వెడల్పు టేకు ఎక్కడ దొరుకుతుంది అని తాత బెంగ. మేస్త్రి కొంచెం ఆలోచించి, తన దగ్గర ఒక పలక ఉంది లెమ్మన్నాడు.

వానలు వచ్చాయి, బడి తెరిచారు, కొత్త చుక్కాని నూనె రాసుకుని నిగనిగలాడుతూ పడవ వెనక నిలబడింది. ఆ బ్యాంకు ఆయన కూతురు మళ్లీ ఒకసారి వచ్చింది. పడవ ఎక్కింది, తామరపూలు కోసిమ్మని గోల చేసింది, దిగి వెళ్లిపోయింది. చుక్కాని వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

శ్రావణమాసంలో మేస్త్రి గృహప్రవేశం పెట్టుకున్నాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సందులో చిన్న స్థలం కొనుక్కుని, ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా కట్టుకున్న రెండు గదుల ఇల్లు. తాత, నాయనమ్మ, నేను పోయాం. గుమ్మం ముందు మామిడాకులు, ముగ్గు అన్నీ ఉన్నాయి. గడప మాత్రం సిమెంటుది. మేస్త్రి భార్య వంగి ఆ సిమెంటుకే పసుపు రాస్తోంది. తడి సిమెంటు పసుపును పీల్చేసుకుని మట్టిరంగుకు తిరుగుతుంటే, ఆవిడ మళ్లీ మళ్లీ రాస్తోంది. వచ్చిన వాళ్లలో ఎవరో, ఊరందరికీ గుమ్మాలు చేసే మేస్త్రికి తన ఇంటికి చెక్క గడప లేదా అని ఎకసెక్కం ఆడారు. ఆవిడ తల ఎత్తకుండానే, "ఉండేదండీ. మా నాన్నగారి ఊరి నుంచి తెచ్చి ఆరేళ్లు దాచారు. మొన్న చెరువు పడవకి ఇచ్చేశారు" అంది. మాటలో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

మా తాతకు కూడా అది అప్పుడే తెలిసింది. పాపం, ఎంత నొచ్చుకున్నాడో. మేస్త్రి రెండు చేతులూ పట్టుకుని, చెప్పి ఉంటే తీసుకునేవాణ్ణే కాదు కదా అన్నాడు. తర్వాత అక్కడున్న వాళ్లందరి ముందు నన్ను దగ్గరికి లాక్కుని చెప్పాడు: "మూడు దినాలు గీ పిల్ల కంటికి రెప్ప లెక్క చూసింది గా చెక్కను. అయినా పల్గింది. ఏం చేస్తం?" అందరూ నన్ను మెచ్చుకోలుగా చూశారు. ఎవరో నా చేతిలో లడ్డూ పెట్టారు. నేను ఇంటి వెనక్కి పోయి, ఇసుక కుప్ప పక్కన కూర్చుని, ఆ లడ్డూను నోట్లో పెట్టుకోలేక, పారెయ్యలేక ఏడ్చాను.

మేస్త్రి ఏదో పనిమీద అటు వచ్చాడు. ఆయన్ను చూడగానే అంతా కక్కేశాను, రేకు, నూనె డబ్బా అన్న పేరు, బండ, చెంబు నీళ్లు, అన్నీ. ఆయన నా పక్కనే గొంతుక్కూర్చుని విన్నాడు.

"తెలుసమ్మా. ఎండకి పగిలిన చెక్కేదో, పుచ్చి పగిలిందేదో నాకు తెలీదా?"

మరి తాతకెందుకు చెప్పలేదని అడిగాను. ఆయన కొంతసేపు ఇసుకను గుప్పిట్లోకి తీసుకుని వదిలాడు. "చుక్కాని పోతే ఇంకోటి చేసిచ్చాను. నీమీద మీ తాతకున్న నమ్మకం పోతే అది చేసివ్వడం నా వల్ల కాదు. అందుకని చెప్పలేదు. నువ్వు చెప్పుకో. నీ నోటితో చెబితే తిడతాడు, రెండ్రోజులు మాట్లాడడు, ఆ తర్వాత సర్దుకుంటాడు. ఆలస్యం మాత్రం చెయ్యకు తల్లీ."

సరేనన్నాను. ఆ సాయంత్రం తిరిగి వస్తూ పడవలో చెబుదామనుకుంటే, వేరే మనుషులున్నారు. మర్నాడు తాతకు జ్వరం. ఆ తర్వాత పండుగ, మంచి రోజు పాడుచేయడం ఎందుకనుకున్నాను. ఇలా రోజుకో సాకు. నెల తిరిగేసరికి ఇంత ఆలస్యంగా చెబితే మొదటి తప్పు కంటే ఇదే పెద్దదవుతుందని భయం పట్టుకుంది. మేస్త్రి ఎదురుపడ్డప్పుడల్లా నా మొహంలోకి ఒక్కసారి చూసేవాడు, చెప్పలేదని అర్థమయ్యేది, అడిగేవాడు కాదు. కొన్నాళ్లకు ఆయన్ను చూస్తే సందు మార్చి పోవడం మొదలుపెట్టాను.

ఆ తర్వాత తాత తొమ్మిదేళ్లు బతికాడు. చివర్లో దవాఖానలో పడుకుని ఉన్నప్పుడు, మందులు ఎవరు చూసుకుంటారని నర్సు అడిగితే, మంచం మీంచే నా వైపు చెయ్యి చూపించి, "దీనికి అప్పజెప్తే నాకు ఫికర్ లేదు" అన్నాడు. అప్పుడు గదిలో మేమిద్దరమూ, ఆ నర్సూ తప్ప ఎవరూ లేరు. ఆమె వెళ్లిపోయాక ఇద్దరమే మిగిలాం. చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఏముంటుంది? నేను ఆయన కాళ్లు ఒత్తుతూ, మందుల చీటీ మళ్లీ మళ్లీ చదువుతూ కూర్చున్నాను.

పిల్లలు ఏదైనా పగలగొట్టి వచ్చి నాతో చెబితే నేను తిట్టనని మా ఇంట్లో పేరు. అది నా మంచితనం కాదు. చెప్పగలిగిన పిల్లల్ని చూస్తే నాకు ఈర్ష్యగా ఉంటుంది, అంతే. ఇవాళ ఈ కాగితాల మీద మొదటిసారి రాశాను, గుండె తేలికవుతుందని అనుకున్నాను, కాలేదు. మా తాతకు చదువు రాదు. ఆయన బతికి ఉన్నా, ఇది నేనే ఎదురుగా కూర్చుని చదివి వినిపించాలి. వినిపించేదాన్నో, మధ్యలో ఏ నాలుగు పేజీలో దాటేసి చదివేదాన్నో, ఈ వయసులో కూడా నా మీద నాకు నమ్మకం లేదు.